ముసురునాటి పందివేట

చేలు కాపునకు వచ్చు దినములలో మన రైతు రాత్రి నిద్ర యెరుగడు. మంచెమీద కూర్చుండి డబ్బా వాయించుచు, నడుమ నడుమ కేకలు వేయుచు తెల్లవార్లు కావలి కాయును. జామునకొక్కసారి కన్ను మూత పడెనా, అడవిపందుల మంద చేనిలో దిగి వేరుసెనగను నాగలితో దున్నినట్లు పెల్లగించి పోవును. ఈ బాధ కడప సీమ మొదలు ఆదిలాబాదు వరకు భూమి గలవారందరకు తెలిసినదే. తుపాకి పట్టుటకు అనుజ్ఞ యిచ్చినచో పందుల సంగతి మేమే చూచుకొందుమని రైతులనుట వినుచునే యున్నాము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము మన దేశమున వేట నిషిద్ధము. పంటను పాడుచేయు పందిని చంపుటకు సయితము రాష్ట్రపు ప్రధాన వన్యప్రాణి సంరక్షకుని లేక అధికారము పొందినవారి అనుమతి వలయును. ఆ అనుమతి పల్లెకు చేరులోపల చేను మిగులదని రైతుల మొర.

తుపాకికి ఇట్టి అడ్డు లేని దేశమొకటి కలదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో అనేక ప్రాంతములందు పందిని ఏ ఋతువునందైనను, ఎన్నింటినైనను చంపవచ్చును. అచ్చటి కథ మన కుపయోగించునేమో యని పరిశీలించితిమి. ముఖ్యముగా ఆ దేశపు సర్కారు అడవులలో, వానలోను చలిగాలిలోను సాగు పందివేటను గూర్చి నేడు చదువరులకు విన్నవింపదలచితిమి. అందు వేటగాని నేర్పు కలదు. ప్రజల భూమిపై ప్రజల హక్కు ఎంతవరకను చిక్కు ప్రశ్నయు కలదు.

పంది అమెరికాకు స్వదేశపు మృగము కాదు. 1493లో కొలంబసు రెండవ యాత్రకు వచ్చినప్పుడు కరీబియను దీవులకు పందులను తెచ్చెను. 1539లో స్పెయిను సేనాని హెర్నాండో డి సోటో ఫ్లారిడా తీరమున దిగి, సైన్యముతో పాటు నడచివచ్చు ఆహారముగా కొన్ని పందులను తోలుకొనిపోయెను. మూడేండ్లకు ఆతడు మరణించునప్పటికి అవి కొన్ని వందలయ్యెను. పిదప వచ్చిన వలసవారు పందులను దొడ్డిలో కట్టివేయువారు కారు. అడవిలోనికి విడిచి ఓకు చెట్ల కాయలు మేయనిచ్చి, చలికాలమున పట్టి కోసికొనెడివారు. పట్టువడనివి అడవిపాలయ్యెను. ఇది చాలదన్నట్లు 1912లో ఉత్తర కరోలినా కొండలలో హూపరు బాల్డు అను చోట ఒక ధనికుడు వేటవినోదమునకై ఐరోపా నుండి నిజమైన అడవిపందులను తెప్పించి చుట్టును కంచె వేయించెను. పందిని కంచె ఎన్నాళ్లాపును? అవి బయటపడి ఊరపందులతో కలిసెను. నేడు ఆ దేశమున సంచరించునది ఈ రెండు వంశముల సంకరము. కేంద్ర వ్యవసాయశాఖవారి అంచనా ప్రకారము అవి 60 లక్షలకు మించి యున్నవి. 30కి పైబడిన రాష్ట్రములలో వ్యాపించినవి. అన్నిటికంటె అధికము టెక్సాసునందు. డల్లాసు, హ్యూస్టను పొలిమేరలలో కాపురమున్న మన తెలుగువారు కొందరు తెల్లవారి లేచి ఇంటిముందరి పచ్చిక యంతయు ముట్టెలతో కుళ్లగింపబడి యుండుట చూచి, స్వదేశమందలి చేలను తలచుకొనియే యుందురు.

ఇక సర్కారు భూముల మాట. అమెరికాలో కేంద్ర ప్రభుత్వము చేతిలో సుమారు 64 కోట్ల ఎకరములు కలవు. దేశమున నాలుగవ వంతునకు మించినదే. ఐనను అందధిక భాగము పడమటి రాష్ట్రములలోనిది. టెక్సాసు 1845లో సంయుక్త రాష్ట్రములలో చేరునప్పుడు తన బంజరు భూములను తనయొద్దనే యుంచుకొని, క్రమముగా వానిని అమ్మియు పంచియు వేసెను. కావున నేడచ్చట నూటికి 95 పాళ్లకు పైగా భూమి ప్రైవేటు వారిది. అచ్చటి జాతీయారణ్యములు నాలుగును 1930 తరువాత, కలప వర్తకులు చెట్లు నరికి విడిచిన మోడుభూములను ప్రభుత్వము కొని తిరిగి అడవిగా పెంచినవే. అందు శాము హ్యూస్టను అరణ్యము 1,63,000 ఎకరముల ప్రాంతము. నెచెసు నది పల్లపు అడవులలో 1974లో ఏర్పడిన బిగ్ థికెట్ రక్షితవనమొకటి కలదు. పేరునకు తగినట్లు అది చీకటి గుబురు, బురద, నీటిమడుగు.

భూస్వామి తన పొలములో పందిని చంపనిచ్చుటకు రుసుము పుచ్చుకొనును. ఆ సొమ్ము చెల్లింపలేని పట్టణపు గుమాస్తా, కార్ఖానా పనివాడు సర్కారు అడవికి పోవును. శాము హ్యూస్టను వంటి చోట్ల వేట లైసెన్సుతో పాటు 48 డాలర్ల వార్షిక అనుమతిపత్రము తీసికొనిన చాలును. బిగ్ థికెట్టులో అనుమతి ఉచితము. మన వైపున 1882 నాటి మద్రాసు అటవీచట్టము వచ్చిన పిమ్మట ఊరివాడు కట్టెపుల్లకు సైతము జంగ్లాతు జవానును వేడుకొనవలసి వచ్చినది. అచ్చట సర్కారడవి యనగా సామాన్యుని వేటపట్టు. ఈ భేదము మరువదగినది కాదు.

ఐతే సామాన్యుని చేతులకు అచ్చట కట్టుబాట్లెక్కువ. ప్రైవేటు పొలములో వేటగాడు మొక్కజొన్న చల్లి పందులను మరగించును. రాత్రివేళ ఒంటి వేడిని బట్టి జంతువును చూపు దుర్భిణిని తుపాకికి బిగించి, మంచెమీద సుఖముగా కూర్చుండి కాల్చును. సర్కారు అడవిలో ఎర చల్లగూడదు. పొద్దు క్రుంకిన పిదప తుపాకి పేల్చుట సామాన్యముగా నిషేధము. నారింజవన్నె గుడ్డ 400 చదరపు అంగుళములకు తక్కువ కాకుండ ధరింపవలయును. అందు రొమ్మున 144, వీపున 144 ఉండవలెను. తలకును ఆ వన్నె టోపీయే. పంది చూచునను భయము లేదు, దానికి చూపు మందము. తోటి వేటగాడు చూడకపోవునను భయమున కీ నియమము. మరి పంది యెట్టిదనగా, నలుగురి అలికిడి తగిలిన అడవిలో పగలెల్ల పొదలో పడియుండి చీకటి పడిన తరువాత గాని వెలువడదు. పగలు తుపాకి పట్టువానికి రాత్రి తిరుగు జంతువు దొరకు టెట్లు?

ఇచ్చటనే ముసురు వేటగానికి చుట్టమగుచున్నది. పందికి చెమట పట్టదు. అందుచేత ఎండ కాయు దినములలో నీడను, బురదను వదలదు. ఉత్తరమునుండి చలిగాలి దిగి, ఆకాశము మూసికొని, సన్నని జల్లు పడ నారంభించెనా, దానికి పగటి వేడి బాధ తొలగును. చలికి ఆకలి హెచ్చును. ఉదయము తొమ్మిది గంటలకు సయితము ఓకు చెట్లక్రింద కాయలేరుకొనుచు మంద మంద కనబడును. టెక్సాసువారు ఈ ఉత్తరపు గాలిని నార్దరు అందురు. మధ్యాహ్నము చొక్కాతో తిరుగువాడు సాయంకాలమునకు కంబళి కప్పుకొనవలసినంత వడిగా అది వచ్చిపడును. మంచిరోజు చూచుకొని వచ్చు వేటగాండ్రందరు ఆనాడు ఇంటిపట్టున నుందురు, అడవి ఖాళీ.

అడవి నేల ఎండియున్నప్పుడు ఓకు ఆకుపై అడుగిడుట అప్పడము విరిచినట్లుండును. పంది చెవి పాము చెవి. అదే ఆకు తడిసినచో మెత్తని తివాసి. కొమ్మలనుండి జారు చినుకుల చప్పుడు అడుగుల సవ్వడిని మ్రింగివేయును. వర్షము వెలిసిన గడియ వేటగానికి మరియు మంచిది. పాత జాడలన్నియు చెరిగి నేల తుడిచిన పలకవలె నుండును. దానిపై కనబడు గిట్ట గుర్తు గంటలోపలిది. క్రొత్తగా పెల్లగించిన మట్టి నల్లగా మెరయును. బురదలో పొరలిన పంది పైను చెట్టు మొదలుకు ఒళ్లు రాచుకొని పోవును. ఆ బురద పట్టు ఎంత ఎత్తున నున్నదో చూచినచో జంతువు ఎంతటిదో తెలియును, తడి యారినదో లేదో చూచినచో ఎంతసేపైనదో తెలియును. నది పొంగి పల్లపుటడవిని ముంచినప్పుడు మందలు మిట్టలకెక్కును. ఊరక కాలు అరుగ తిరుగుట కంటె పటము చూచి ఎత్తు గడ్డలను వెదకినవాడు బుద్ధిమంతుడు.

ఇన్ని యనుకూలములున్నను గాలి యొక్కటి తప్పినచో అన్నియు వృథా. పందికి ప్రపంచమంతయు ముక్కులోనే యున్నది. మన భాషలో పసిగట్టుట యను మాట పుట్టినదే మృగము వాసన పట్టుటనుండి గదా! గాలి నిలకడగా ఒక దిక్కునుండి వీచుచున్నప్పుడు వేటగాడు దానికెదురు నడచి ముప్పది నలుబది గజముల దాక చేరవచ్చును. తుపానువేళ గాలి నిముషమున కొకవైపు తిరుగును. అప్పుడెంత మెలకువగా నడచినను మందలో ముసలి ఆడుపంది ఒక్కసారి గుర్రుమనును. మరుక్షణమున ఇరువది పందులు పొదలలో మాయమగును. కావున ముసురు మేలు గాని పెనుగాలి మేలు కాదు.

ముసురులో కీడును లేకపోలేదు. పెద్ద ఏకలమునకు భుజములపై కవచమువంటి దళసరి చర్మముండును, క్రింద క్రొవ్వు. తూటా తగిలినను నెత్తురు వెలికి కొంచెమే వచ్చును. ఆ కొంచెమును వాన కడిగివేయును. అనుమానపు గురితో కాల్చినవాడు గాయపడిన పందిని పొదలో చిత్రవధకు విడిచి, తాను వట్టిచేతులతో ఇంటికి పోవలసివచ్చును. ఇది మృగమునకు హింస, వేటగానికి తలవంపు. దగ్గరగా చేరి, ఒక్కటే గుండుతో పడవేయలేనినాడు తుపాకి దింపుకొనుట పౌరుషమునకు లోపము కాదని మా యభిప్రాయము.

మనుష్యునికిని గండమే. గడ్డకట్టు చలి అక్కరలేదు. తడిసిన బట్టలతో 10 డిగ్రీల చలిలో గాలికి నిలిచినచో ఒంటి వేడి హరించి బుద్ధి తడబడును. మబ్బు పట్టినప్పుడు ప్రొద్దు ఏ దిక్కున నున్నదో తెలియదు. ఆ యడవి సమతలము, చెట్లన్నియు ఒక్కటే తీరు. దిక్సూచి లేనివాడు తిరిగిన చోటనే తిరుగును. పురుగు పట్టి చచ్చిన పైను చెట్లు వానబరువునకు, గాలికి చప్పుడు లేకుండ కూలును. ఉదయము మోకాలి లోతున దాటిన వాగు సాయంకాలమునకు రొమ్ముబంటి కావచ్చును. పంది పడిన తరువాత గాని అసలు చాకిరి యారంభము కాదు. పెరిగిన పంది 100 పౌనులు మొదలు 400 పౌనుల వరకు తూగును. బండి రాదు, అచ్చటనే చర్మమొలిచి తొడలు, జబ్బలు వేరు చేసి మూపున మోయవలయును. అదియు రబ్బరు చేతొడుగులతోనే. ఆ నెత్తురు గాయమునకు తగిలినచో బ్రూసెల్లోసిసు అను మొండిజ్వరము మనుష్యునకు సోకును. మాంసమును లోపలి దాక 71 డిగ్రీల వేడికి తేకుండ తినరాదని ఆరోగ్యశాఖలవారు హెచ్చరింతురు.

ఇంత శ్రమపడి ఒక మనుష్యుడు ముసురునాడు ఒక పందిని తెచ్చినాడనుకొందము. నాలుగు నెలల కూర వచ్చినది, సంతోషమే. దానిచే పందుల సంఖ్య తగ్గినదా?

పంది ఆరు లేక ఎనిమిది నెలలకే ఈడేరును. కడుపు మోయుట 115 దినములు. ఈతకు సామాన్యముగా నాలుగు మొదలు ఆరు పిల్లలు, ఒక్కొక్కప్పుడు పది. మేత దొరకినచో ఏడాదికి రెండీతలు కూడ కలుగును. ఉన్న పందులలో ఏటేట మూడింట రెండువంతులు నశించిననే గాని సంఖ్య పెరుగక నిలువదని టెక్సాసు శాస్త్రజ్ఞుల లెక్క. తుపాకి ఆ మేరకు ఎన్నడును చేరుట లేదు. ఇరువదింటి మందలో ఒకటి రెండు పడును. తక్కినవి చెదరి ప్రక్క పొలములకు పోవును, మనుష్యుని వాసన యనిన ప్రాణభయమని నేర్చికొనును, పగలు తిరుగుట మానును.

టెన్నెస్సీ రాష్ట్రము ఈ పాఠమును పెద్ద మూల్యమిచ్చి నేర్చికొన్నది. అచ్చట చిరకాలము తూర్పు కొండలందలి కొలది కౌంటీలలోనే అడవిపందులుండెడివి. 1999లో ప్రభుత్వము పందివేటకు రాష్ట్రమంతట తలుపులు తెరచి, ఎన్నింటినైనను చంపుడనెను. పందులు తరుగుటకు బదులు విస్తరించెను. 2011 నాటికి 95 కౌంటీలలో సుమారు 80 కౌంటీలందు అక్కడక్కడ పందుల గుంపులు బయలుదేరినవి. పంది ఇంత త్వరగా కొండలు, నదులు దాటి నడచిపోయినదా? లేదు. తమ ఊరి దగ్గరనే వేట యుండవలెనను మక్కువతో మనుష్యులే రాత్రివేళ బండ్లలో నెక్కించుకొనిపోయి అడవులలో విడిచిరి. వేటగాడే విత్తువాడయ్యెను. 2011లో ఆ ప్రభుత్వము వినోదపు వేటను నిలిపివేసి పందిని నాశనకారి జంతువుగా ప్రకటించెను.

మిస్సోరి మరియొక అడుగు ముందునకు వేసినది. 2016లో అచ్చటి సంరక్షణశాఖవారు తమ అధీనమందలి భూములలో పందివేటను నిషేధించిరి. 15 లక్షల ఎకరముల మార్క్ ట్వేను జాతీయారణ్యములో సయితము కొలది యేండ్లకు అట్టి నిబంధనయే వచ్చెను. జింకలు, టర్కీ కోళ్లు వేటాడు ఋతువులో ఎదురుపడిన పందిని మాత్రము కాల్పవచ్చును. తుపాకికి బదులు వారు బోనును నమ్మిరి. విశాలమైన గుండ్రని ఇనుప దడి నిలిపి, మొక్కజొన్న చల్లి, రోజుల తరబడి, వలసిన వారముల తరబడి, మంద యంతయు లోనికి వచ్చి మేయుటకు అలవాటు పడువరకు ఓర్పు వహింతురు. కెమెరా చూపును, కడపటి పిల్ల లోనికి వచ్చిన తరువాత ఇంటిలో కూర్చున్నవాడు చేతిలోని ఫోనుతో తలుపు జారవిడుచును. ఒక్కటి తప్పించుకొన్నను ఆ బోనుకు మరల రాదు, మరి కొన్నింటిని రానీయదు. అట్టి వేళ చుట్టుప్రక్కల నొకడు జాగిలములతో వచ్చి ఒక పందిని చంపినచో వారముల పని మట్టిలో కలియును. నిషేధమునకు గల కారణము ఇదియే.

టెక్సాసు వేరు దారి త్రొక్కినది. 2011లో హెలికాప్టరునుండి, 2017లో పొగగుమ్మటమునుండి పందులను కాల్చుటకు చట్టములు చేసిరి. 2019 నుండి ప్రైవేటు భూమిలో పందివేటకు లైసెన్సు అక్కరలేదు. హెలికాప్టరులో సీటు అద్దెకిచ్చు వ్యాపారములు వెలసినవి. 2017లోనే విషపు ఎరకు అనుమతి యిత్తమని వ్యవసాయాధికారి యొకరు తలపెట్టగా, గట్టిగా ప్రతిఘటించినవారిలో వేటగాండ్రును, అడవిపంది మాంసపు వర్తకులును ముందు నిలిచిరి. విషమునకు వేరు దోషములు కలవు, వారి వాదములో కొంత న్యాయమును కలదు. కాని పంది యొకని పొలమున కీడు, మరియొకని పొలమున రాబడి యైనప్పుడు అది నశింపవలెనని అందరును కోరుదురా? అనేక సంవత్సరములుగా ప్రయత్నించుచున్నను టెక్సాసులో పందులు దేశమందెల్ల అధికముగానే యున్నవి.

మిస్సోరి వేటగాండ్రు ఊరకుండలేదు. ఈ అడవి మాది, మా పన్నులతో కొన్నది, ఇందు పందిని చంపి పిల్లలకు పెట్టుకొనుటకు మాకడ్డేమి యని సభలలో నిలదీసిరి. ఆ మాట త్రోసివేయదగినది కాదు. సెంటు భూమి లేని వానికి సర్కారు అడవి యొక్కటే పొలము. భూస్వామికి తన దొడ్డిలో కాల్చుటకు హక్కుండ, బీదవానికి ప్రజాభూమిలో లేకపోవుట చూచుటకు అన్యాయమే. కిరాతార్జునీయ కథలో మూకాసురుడు పందియై రాగా అర్జునుడును, కిరాతవేషమున శివుడును ఒక్కసారే బాణములు వేసి, అది నాది నాదని జగడమాడిరి. ఇచ్చట జగడము పడిన పందికై కాదు, ఇంకను పడని పందికై. మేము మాత్రము మిస్సోరివారి పక్షమే వహింపవలసి యున్నది. ఏలనన ఆ అడవి అంచుననే పంట పండించు రైతు కలడు. వేటగానికి ఆదివారపు పొద్దు పోకయైనది వానికి సంవత్సరపు గ్రాసము. చెదరగొట్టిన మంద వాని చేనిలోనే పడును. వేట నిలిపి బోనులు పెట్టిన పిదప పందులు తిరుగు ప్రదేశము గణనీయముగా తగ్గినదని ఆ శాఖవారు ప్రకటించుచున్నారు.

మన సంగతి అచ్చముగా ఇట్టిది కాదు. మన అడవిపంది పరదేశి కాదు. నల్లమలలో, కవ్వాలలో పెద్దపులికి అది ఆహారము. దానిని సమూలముగా తుడిచివేయవలెనని ఇచ్చట ఎవరును కోరగూడదు. కాని మంద మందను పట్టు బోనులకు గాని, నష్టపరిహారము సకాలమున చెల్లించుటకు గాని, అనుమతి దరఖాస్తును వారములలో తేల్చుటకు గాని మన ప్రభుత్వములు చూపు శ్రద్ధ చాలదు. చాలకపోవుటచేతనే రైతు తుపాకి మాట యెత్తుచున్నాడు, తుపాకి దొరకక చేని గట్టున దొంగచాటుగా కరెంటు తీగె లాగుచున్నాడు. ఆ తీగెకు పందితోపాటు పులులును, మనుష్యులును చచ్చుచున్నారు. రాత్రియెల్ల వాన కురిసి తడిసిన గట్టుమీద తెల్లవారి తీగె దగ్గర పడియున్నది పందియో, నీళ్లు పెట్టవచ్చిన ప్రక్క చేని కూలివాడో దగ్గరకు పోవువరకు ఆ రైతునకు తెలియదు.